సేవగా మొదలై జీతం దగ్గర ఆగేది: మహిళలు సామాజిక వ్యాపారంలోకి ఎందుకు వస్తున్నారు?

క్లుప్తంగా: మహిళలు సామాజిక సంస్థలు పెట్టడానికి దయాగుణమే కారణమనడం సగం నిజమే. సమస్యను ఇంట్లోనో వీధిలోనో దగ్గరగా చూడటం, మామూలు ఉద్యోగం దారి మధ్యలో మూసుకుపోవడం, ‘సేవ’ అంటే ఇంట్లో ఒప్పుకోవడం – ఈ మూడూ కలిసినచోట సంస్థ పుడుతుంది. ఏ కారణంతో పుట్టిందో దాన్నిబట్టే ధర, జీతం, రిజిస్ట్రేషన్ నడుస్తాయి. వ్యవస్థాపకురాలి జీతం ఖర్చుల్లో లేని సంస్థ ఆమె ఓపిక ఉన్నన్నాళ్లే నిలబడుతుంది.

బెంగళూరులో స్టార్టప్ శిక్షణ ప్రకటనలు చూస్తే ‘మహిళలు నడిపే సామాజిక సంస్థలకు ప్రాధాన్యం’ అన్న మాట తరచూ కనిపిస్తోంది. ఐఐఎం బెంగళూరులో కొత్త సంస్థలకు తోడ్పడే కేంద్రం (ఇంక్యుబేటర్) ఎన్‌ఎస్‌ఆర్‌సీఈఎల్ మహిళలకు ప్రత్యేక కార్యక్రమాలు నడుపుతోంది. చెన్నైలో పుట్టిన విల్‌గ్రో 2001 నుంచి ఇలాంటి సంస్థలకు తోడ్పడుతోంది. మారతహళ్లి, కేఆర్ పురం, రామమూర్తినగర్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఈ ప్రకటనలు చూసిన మహిళలకు వచ్చే మొదటి అనుమానం ఒకటే: ఇది ఎన్జీవోనా, కంపెనీనా, ఊళ్లో డ్వాక్రా లాంటిదా?

అంకెలూ ఆసక్తి కలిగించేవే. ఆరో ఆర్థిక గణన ప్రకారం దేశంలో మహిళలు నడిపే సంస్థలు 13.76 శాతం. బ్రిటిష్ కౌన్సిల్ 2016లో విడుదల చేసిన అధ్యయనంలో సామాజిక సంస్థల్లో దాదాపు 24 శాతానికి మహిళలు నాయకత్వం వహిస్తున్నట్టు తేలింది. రెండింటి లెక్క పద్ధతులు వేరు కాబట్టి ఒకే త్రాసులో పెట్టి తూచకూడదు. అయినా మొత్తం వ్యాపారంలో కంటే ఈ మూలలో మహిళలు చిక్కగా ఉన్నారన్నది కనబడుతూనే ఉంది. ఎందుకలా?

## ముందు, ఏది సామాజిక సంస్థ?

మన చట్టాల్లో ‘సామాజిక సంస్థ’ పేరుతో విడిగా రిజిస్ట్రేషన్ లేదు. ట్రస్టు, సొసైటీ, లాభం పంచుకోని సెక్షన్ 8 కంపెనీ, సహకార సంఘం, ఉత్పత్తిదారుల కంపెనీ, ప్రైవేట్ లిమిటెడ్ – వీటిలో ఏదైనా కావచ్చు. సామాజిక సంస్థలు నిధులు సేకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కోసం షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022లో తెచ్చిన నిబంధనల్లో మాత్రం ఒక కొలత ఉంది. సంస్థ ఆదాయంలోనో, ఖర్చులోనో, లబ్ధిదారుల్లోనో కనీసం 67 శాతం అవసరంలో ఉన్న వర్గాలకు సంబంధించినదై ఉండాలి.

వాడుకలో తేడా ఇంకా తేలిక. డ్వాక్రా సంఘం సభ్యుల పొదుపు, అప్పుల కోసం. స్వచ్ఛంద సంస్థ ఎక్కువగా విరాళం మీద నడుస్తుంది. సామాజిక సంస్థ ఏదో ఒకటి అమ్ముతుంది. అది వస్తువు కావచ్చు, సేవ కావచ్చు. ఆ అమ్మకంతోనే సమస్య కొంత తీరాలి.

## తన గడపలోనే ఎదురైన సమస్య

సామాజిక సంస్థ పెట్టాలన్న ఆలోచన మనిషిలో ఎలా బలపడుతుందో పరిశోధకులు జోహన్నా మెయిర్, ఎర్నెస్టో నొబోవా 2006లో ఒక నమూనాగా చెప్పారు. ఎదుటివారి బాధ తనదనిపించడం, ‘ఇది చేయడం నా ధర్మం’ అన్న భావన, ‘నేను చేయగలను’ అన్న నమ్మకం, చుట్టూ ఉన్నవారి తోడ్పాటు – ఈ నాలుగూ అందులో ఉన్నాయి. పదకొండేళ్ల తర్వాత, 2017లో, కై హాకర్ట్స్ వీటికి అయిదోది చేర్చారు: ఆ సమస్యతో ముందునుంచే పరిచయం. చెన్నై, బెంగళూరుల్లో మహిళలు పెట్టిన సంస్థల చరిత్ర తిరగేస్తే ఈ అయిదోదే చాలాచోట్ల మొదటిదని తెలుస్తుంది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ దుర్గాబాయ్ దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధాన్ని కాదనుకుని బయటికి వచ్చారు. పోగొట్టుకున్న చదువును పెద్దయ్యాక తిరిగి పట్టుకుని, బెనారస్ మెట్రిక్యులేషన్‌తో మొదలుపెట్టి న్యాయవాది అయ్యారు. మద్రాసులో ఇతర అమ్మాయిలకూ అదే మెట్రిక్ పరీక్షకు శిక్షణ ఇప్పించారు. ఆ పని నుంచే 1937లో ఆంధ్ర మహిళా సభ ఎదిగింది. ఇరవై ఏళ్ల మహిళ చిన్నపిల్లల తరగతిలో కూర్చోలేదు, పదేళ్లు చదివే తీరికా ఆమెకు ఉండదు. ఈ సంగతి దుర్గాబాయికి ఎవరూ సర్వే చేసి చెప్పనక్కర్లేకపోయింది. అందుకే ఆమె దారి ‘తక్కువ కాలంలో పరీక్షకు సిద్ధం చేయడం’ అయింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. ఆ మండలి 1958లో వయోజన మహిళల కోసం తెచ్చిన సంక్షిప్త విద్యా కోర్సుల్లోనూ ఇదే తర్కం ఉంది. చెన్నై అడయారు ప్రాంతంలో సభ ఆస్పత్రి ముందు నుంచి వెళ్లే రోడ్డుకు నేడు ఆమె పేరే ఉంది.

చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో మద్యవ్యసనానికి చికిత్స చేసే సంస్థను ప్రారంభించారు. భర్తను ఆ వ్యసనమే బలిగొన్నాక తీసుకున్న నిర్ణయం అది. అక్కడి చికిత్సలో రోగితోపాటు కుటుంబానికీ కౌన్సెలింగ్ ఉంటుంది. తాగేవాడొక్కడే రోగి కాదని, ఇల్లంతా రోగమేనని భార్యగా చూసిన మనిషికి తెలుసు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు పక్షవాతం) ఉన్న కొడుకు కోసం వెతుకుతూ పూనమ్ నటరాజన్ 1985లో మొదలుపెట్టిన సంస్థే ఇప్పటి విద్యాసాగర్. అక్కడ తల్లిదండ్రులు బయట బెంచీ మీద ఎదురుచూడరు, శిక్షణలో భాగమవుతారు. బెంగళూరులో శాంతి రాఘవన్ 1999లో ఎనేబుల్ ఇండియాకు సహవ్యవస్థాపకురాలు కావడానికి వెనుక చూపు కోల్పోయిన తమ్ముడి అనుభవం ఉంది. అంతకు నలభై ఏళ్ల ముందే, 1959లో, స్వయంగా పోలియో బాధితురాలైన ఎన్.ఎస్. హేమ అదే నగరంలో అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజెబిలిటీని స్థాపించారు.

ఇంటి సమస్యే కానక్కర్లేదు. 1993లో చెన్నైలో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు వీధిలో కనిపించిన ఒక మానసిక రోగికి చోటు చూపించబోతే ఎవరూ చేర్చుకోలేదు. ‘ది బనియన్’ అక్కడ పుట్టింది. జాలి అక్కడున్న చాలామందికి కలిగే ఉంటుంది. సంస్థ పుట్టింది మాత్రం తట్టిన తలుపులు తెరుచుకోనప్పుడే.

స్వానుభవానికి ఒక లోపం కూడా ఉంది. అది ఒక ఇంటి అనుభవం, ఒక తరగతి అనుభవం. ఐటీ ఉద్యోగం మానేసిన తల్లి తన బిడ్డకు డే కేర్ దొరకలేదని క్రెష్ పెడితే అందులో ఏసీ, సీసీ కెమెరా, ఇంగ్లీషు రైమ్స్ ఉంటాయి. పక్క వీధిలో ఇళ్లపని చేసే అనంతపురం తల్లికి కావలసింది పొద్దున ఆరున్నరకే తెరవడం, బిడ్డకు కడుపునిండా అన్నం, ఒంట్లో బాగాలేని రోజు కూడా వద్దనకపోవడం. ఈ తేడా ముందే తెలియాలంటే కనీసం ముప్పై మంది తల్లులతో మాట్లాడాలి. అయితే ‘మేం కేంద్రం పెడితే పంపిస్తారా?’ అని అడగకూడదు. మర్యాదకు అందరూ ‘పంపిస్తామమ్మా’ అంటారు. ‘నిన్న మీరు పనిలో ఉన్నప్పుడు బిడ్డ ఎక్కడుంది? ఎవరికి ఎంత ఇచ్చారు?’ అని అడిగితే నిజం బయటికొస్తుంది.

## మూసుకున్న దారి, దొరికిన ఒప్పుకోలు

రెండో కారణాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి అది చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అంటే దాదాపు అయిదు గంటలు ఒకవైపు, గంటన్నర ఇంకోవైపు. ప్రసూతి సెలవు 2017లో 26 వారాలకు పెరిగింది. కానీ ఇరవై ఏడో వారం నుంచి బిడ్డను ఎవరు చూడాలన్న ప్రశ్న చాలా ఇళ్లలో అలాగే ఉండిపోయింది. వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్లలో పదేళ్ల అనుభవమున్న ఇంజినీర్లు, హెచ్‌ఆర్ మేనేజర్లు ఉద్యోగం వదిలేసి కూర్చోవడం వెనుక ఉన్నది ఈ లెక్కే. వారికి చదువు, పరిచయాలు, ఎక్సెల్ షీట్ నడిపే నేర్పు ఉన్నాయి. లేనిది తొమ్మిదింటి నుంచి ఏడింటి దాకా ఆఫీసులో ఉండే వీలు.

ఇక్కడే మూడో కారణం కలుస్తుంది. కోడలు ‘వ్యాపారం చేస్తాను’ అంటే నష్టం వస్తే ఎవరు కడతారని అడిగే ఇల్లే, ‘పేద పిల్లలకు ఏదైనా చేద్దామనుకుంటున్నాను’ అంటే ‘మంచిదేగా, ఇంటి పని చూసుకున్నాక చెయ్’ అంటుంది. సేవకు మన సమాజంలో గౌరవం ఉంది. పైగా దాని మీద డబ్బు సంపాదించి తీరాలన్న ఒత్తిడి లేదు. చాలామంది మహిళలకు ఇది బయటికి వెళ్లడానికి దొరికిన గడప. ఇందులో తప్పేమీ లేదు. గడప ఏదైతేనేం, దాటడం ముఖ్యం. కానీ దాటించిన ఆ మాటే తర్వాత కాలికి అడ్డం పడుతుంది. ‘సేవ’ అని చెప్పి వచ్చినామె రేపు తనకు జీతం రాసుకోవడానికి సంకోచిస్తుంది. ధర పెంచడానికి మొహమాటపడుతుంది. బాకీ అడగడానికి నోరు రాదు.

పెట్టుబడిలోనూ ఈ ముడి కనిపిస్తుంది. కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కును ఎన్టీఆర్ ప్రభుత్వం 1980ల్లోనే చట్టం చేసింది. తమిళనాడు 1989లో, కర్ణాటక 1994లో, దేశమంతటా 2005లో అది వచ్చింది. అయినా ఇంటి కాగితాల మీద చాలావరకు ఉండేది మగవారి పేరే. ఆమె చేతిలో నిజంగా ఉండేది బంగారం. కాబట్టి తొలి పెట్టుబడి తరచూ తాకట్టు పెట్టిన గాజులే. తాకట్టు అడగని ముద్రా రుణం తొలిసారి తీసుకునేవారికి 10 లక్షల దాకా ఉంది, దానికి కొటేషన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, చిన్న సంస్థలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సిద్ధం చేసుకోవాలి. బంగారం కుదువ పెడితే అరగంటలో డబ్బు చేతికొస్తుంది. అయితే ఏ నెల వడ్డీ ఎంతో సంస్థ ఖాతాలో రాయకపోతే ఆ గాజులు సంస్థకు అప్పు ఇచ్చినవని ఎవరికీ గుర్తుండదు, ఆమెకు కూడా.

## నగరం నెట్టినప్పుడు: బెంగళూరు చెత్త

కొన్నిసార్లు ప్రేరణ ఒక మనిషి జీవితంలోంచి కాక నగరం సంక్షోభంలోంచి వస్తుంది. బెంగళూరులో 2012లో మావళ్లిపుర డంపింగ్ యార్డు మూతపడ్డాక చెత్త రోడ్ల మీద గుట్టలుగా పేరుకుంది. తడి, పొడి చెత్త వేరు చేయాలని కర్ణాటక హైకోర్టు ఆదేశించింది. మండూరు యార్డు కూడా 2014 చివర్లో ఆగిపోయింది. అపార్ట్‌మెంట్లు తమ తడి చెత్త తామే చూసుకోవాల్సి వచ్చింది. చెత్తబుట్ట వంటింట్లో ఉంటుంది, వంటిల్లు ఎవరి చేతిలో ఉందో తెలిసిందే. ఇంటింటికీ తిరిగి రెండు బుట్టల పద్ధతి నేర్పిన వాలంటీర్లలో మహిళలు అంతమంది ఉండటం యాదృచ్ఛికం కాదు. వారిలో కొందరు తర్వాత కంపోస్టు సామగ్రి అమ్మేవారుగా, సలహాదారులుగా మారారు.

డిజైనర్ పూనమ్ బీర్ కస్తూరి డైలీ డంప్‌ను అంతకుముందే, 2006లో, మొదలుపెట్టారు. మూడు మట్టికుండలు ఒకదానిమీద ఒకటి పేర్చిన ‘కంబ’ దాని గుర్తు. ఇలాంటి వ్యాపారంలో వస్తువు అమ్మడంతో పని అయిపోదు. కొన్నవారిలో కొందరు మొదటి నెలలోనే కుండ పక్కన పెట్టేస్తారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: తడి ఎక్కువ, పొడి తక్కువ. మిగిలిపోయిన సాంబారు, పెరుగన్నం నేరుగా వేసి, మీద ఎండాకులో కొబ్బరిపొట్టో చాలినంత వేయకపోతే గాలి ఆడదు, కుళ్లు వాసన వస్తుంది, పురుగు పడుతుంది. నీళ్లు వంచేసి, ప్రతి పొర మీదా పొడి పదార్థం వేసి, రెండు మూడు రోజులకోసారి కలియబెడితే ఈ బెడద ఉండదు. ఇది చెప్పడానికి ఫోన్ ఎత్తే మనిషి కావాలి. ఆ మనిషి జీతం కుండ ధరలో కలిసిందా లేదా అన్నదే అక్కడ అసలు ప్రశ్న.

చెత్త ఏరుకునేవారి వైపు నుంచి ఇదే సమస్యను చూసిన సంస్థ హసిరు దళ. దాని సహవ్యవస్థాపకురాలు నళినీ శేఖర్ 1990ల్లో పుణెలో చెత్త ఏరే కార్మికుల సంఘాన్ని కట్టినవారిలో ఒకరు. ఆ అనుభవంతో బెంగళూరుకు వచ్చారు. ఇక్కడి కార్మికులకు నగరపాలక సంస్థ నుంచి గుర్తింపు కార్డులు వచ్చాయి. హక్కుల పని ఒక సంస్థలోనూ, చెత్త సేకరణ సేవ అమ్మే పని హసిరు దళ ఇన్నొవేషన్స్ అనే కంపెనీలోనూ విడిగా నడుస్తున్నాయి. ఇలా ఎందుకు విడదీస్తారన్నది రిజిస్ట్రేషన్ గురించిన భాగంలో వస్తుంది.

## అప్పు దొరకనిచోట

చెన్నైలో జయా అరుణాచలం దారి వేరు. రాజకీయాల్లో ఉంటూ వరద సహాయ పనుల్లో పాల్గొన్న ఆమెకు, బియ్యం, దుప్పట్లు పంచితే వారం గడుస్తుందే తప్ప బతుకు మారదని తెలిసింది. కూరలు, చేపలు, పూలు అమ్మే మహిళలు అడిగింది పెట్టుబడి. పొద్దున తొంభై రూపాయలు చేతిలో పెట్టి సాయంత్రానికి వంద తీసుకునే రోజువడ్డీ వారి లాభాన్ని తినేస్తోంది. తొంభైకి పది అంటే ఒక్క రోజుకే 11 శాతం పైన. జాతీయ బ్యాంకుల్లో 1972 నుంచే పేదలకు 4 శాతం వడ్డీ పథకం ఉంది. కానీ సంతకం రాని, చిరునామా కాగితం లేని మహిళను బ్యాంకు లోపలికి రానివ్వలేదు. ఆమె 1978లో వర్కింగ్ విమెన్స్ ఫోరమ్ పెట్టి ఆ మహిళలను గుంపులుగా బ్యాంకుకు తీసుకెళ్లారు. అదీ నెమ్మదిగా సాగడంతో 1981లో సొంత సహకార సంఘమే పెట్టారు.

తెలుగు నేల మీద దశాబ్దం తర్వాతి ఉదాహరణ దూబగుంట. 1992లో నెల్లూరు జిల్లాలో సారా మీద తిరగబడ్డ మహిళలే తర్వాత ‘పొదుపు లక్ష్మి’ సంఘాలకు ఊపిరి. ఈ రెండుచోట్లా ప్రేరణ ఒక వ్యక్తిది కాదు, గుంపుది. గుంపుగా వచ్చిన మహిళకు ఇంటి ఒప్పుకోలు విడిగా అడగనక్కర్లేదు. వీధిలో అందరూ వెళ్తుంటే ఆమే వెళ్తుంది. అందుకే సహకార రూపంలోకి వచ్చే మహిళల నేపథ్యం, కంపెనీ రూపంలోకి వచ్చే మహిళల నేపథ్యం ఒకటి కావు. ప్రోత్సాహక పథకాలు వీరిద్దరినీ ఒకే ‘మహిళా పారిశ్రామికవేత్త’ పేరు కింద కట్టేయడం పొరపాటు.

## ఒక క్రెష్ లెక్క దగ్గరగా చూస్తే

కారణం లెక్కలోకి ఎలా దిగుతుందో చూడటానికి బెంగళూరు శివారులో 20 మంది పిల్లల క్రెష్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అనంతపురం, సత్యసాయి, కర్నూలు జిల్లాల నుంచి వచ్చి ఇళ్లపని, గార్మెంట్ పని చేసే తల్లుల పిల్లలు. అంగన్‌వాడీ సాయంత్రం నాలుగు దాటితే ఉండదు, గార్మెంట్ షిఫ్టు అయిదున్నర దాకా నడుస్తుంది. ఆ గంటన్నర ఖాళీయే ఈ కేంద్రం పుట్టుకకు కారణం. అంకెలు ఊహించినవి, ప్రాంతాన్నిబట్టి మారతాయి.

నెల ఖర్చు:

- రెండు గదుల అద్దె: 10,000
- ఇద్దరు ఆయాల జీతం, ఒక్కొక్కరికి 15,000: 30,000
- తిండి, బిడ్డకు రోజుకు 40 రూపాయలు, 26 రోజులు: 20,800
- పాలు, సబ్బు, కరెంటు, మరమ్మతులు: 4,000

మొత్తం 64,800. బిడ్డకు 3,240. తల్లులు కట్టగలిగేది 1,500 అనుకుంటే రాబడి 30,000. లోటు 34,800. విరాళం కోసం రాసే దరఖాస్తుల్లో సాధారణంగా ఈ అంకే కనిపిస్తుంది.

ఇందులో పొద్దున ఆరింటికి తాళం తీసి, సరుకులు తెచ్చి, జ్వరమొచ్చిన బిడ్డను క్లినిక్‌కు తీసుకెళ్లి, రాత్రి లెక్క రాసే మనిషి లేదు. ఆమెకు 25,000 వేస్తే ఖర్చు 89,800, బిడ్డకు 4,490, లోటు 59,800. రెండేళ్లలో ఆమె సంస్థకు పెట్టిన జీతం 6 లక్షలు. ఏ రసీదులోనూ లేని విరాళం అది. ఆమెకు జబ్బు చేసినా, భర్తకు హైదరాబాద్ బదిలీ అయినా, అత్తగారు మంచాన పడినా, ఆమె స్థానంలో సున్నా జీతానికి వచ్చేవారు ఉండరు. కేంద్రం మూతపడుతుంది. బయటివారు ‘ఆసక్తి తగ్గింది’ అనుకుంటారు. ఆసక్తి తగ్గలేదు, లోటు మొదటినుంచీ 59,800.

ఇంకో పొరపాటు ‘పిల్లలు పెరిగితే సర్దుకుంటుంది’ అనుకోవడం. ఒక బిడ్డ కట్టే 1,500లో తిండికే 1,040 పోతుంది. మిగిలేది 460. ఇరవై మందికి 9,200, అద్దెకు కూడా చాలదు. మూడేళ్లలోపు పిల్లలకు పది మందికి ఒక పెద్ద మనిషి ఉండాలి. కాబట్టి ఇరవై ఒకటో పసిబిడ్డ రాగానే మూడో ఆయా, అంటే ఇంకో 15,000 కావాలి. ఆ జీతం ఈ 460ల మీద రావాలంటే ముప్పై మూడు మంది కొత్త పిల్లలు చేరాలి, అప్పుడు ఆయాలు ఇంకా పెరగాలి. అందుకే ఈ ధర మీద కేంద్రం ఎంత పెరిగినా లోటు తీరదు.

పండగ నెల మరో చిక్కు. సంక్రాంతికి కుటుంబాలు ఊరెళితే ఆ నెల ఎనిమిది మందే ఉంటారు. పన్నెండు మంది ఫీజు 18,000 ఆగిపోతుంది, తిండి ఖర్చు 12,480 మాత్రమే తగ్గుతుంది. రోజువారీ ఫీజు పెట్టిన కేంద్రాలకు ఈ దెబ్బ ఏడాదంతా కొద్దికొద్దిగా తగులుతూనే ఉంటుంది. నెల ఫీజు తీసుకుని, ఊరెళ్లిన నెలకు సగం చోటు రుసుముగా తీసుకోవడం తల్లులూ ఒప్పుకునే దారి.

లోటు తగ్గే దారి ఫీజు చెల్లించేవారిని మార్చడంలో ఉంది. 50 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలు క్రెష్ సౌకర్యం చూపాలన్నది 2017 నుంచి చట్టం. పక్కనున్న యూనిట్ ఎనిమిది చోట్లు ఒక్కోటి 4,500కు తీసుకుంటే 36,000. మిగతా పన్నెండు కుటుంబాల నుంచి 18,000. మొత్తం 54,000. లోటు 35,800, ఏడాదికి 4,29,600. జీతం దాచి చూపిన మొదటి లోటుకు ఇది వెయ్యి రూపాయలే ఎక్కువ, కానీ ఇందులో అందరి జీతాలూ ఉన్నాయి. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు జాలి కథ చెప్పడం కంటే, తల్లులు సెలవు పెట్టే రోజులు, మానేసినవారి స్థానంలో కొత్తవారికి శిక్షణ ఇచ్చే ఖర్చు ఆ యూనిట్ సొంత లెక్కలనుంచే తీసి చూపిస్తే పని జరుగుతుంది.

## రిజిస్ట్రేషన్‌లో దాగిన చిక్కులు

సేవ అనే భావంతో మొదలుపెట్టినవారు ఎక్కువగా ట్రస్టు వైపు వెళతారు. కాగితం పని తక్కువ, కుటుంబ సభ్యులే ట్రస్టీలుగా సరిపోతారు. సొసైటీకి ఏడుగురు సభ్యులు కావాలి. సెక్షన్ 8 కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు చాలు, లాభం పంచుకోకూడదు, లెక్కలు ఏటా కంపెనీల రిజిస్ట్రార్‌కు పంపాలి. ప్రైవేట్ లిమిటెడ్‌లో వాటాలమ్మి పెట్టుబడి తేవచ్చు, కానీ కంపెనీలు చట్టప్రకారం సామాజిక పనులకు ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు దానికి నేరుగా రాదు. అమ్మకం, దానం రెండూ ఉన్నవారు రెండు సంస్థలు పెట్టుకునేది అందుకే. అప్పుడు ఒకదాని డబ్బు ఇంకోదానికి వాడితే పన్ను మినహాయింపుకే ముప్పు. అద్దె, సిబ్బంది, కంప్యూటర్ ఏది ఎవరిదో మొదటి రోజు నుంచే రాతపూర్వక ఒప్పందం ఉండాలి.

సీఎస్‌ఆర్ నిబంధన ఒకటి కొత్తవారిని ఎక్కువగా దెబ్బతీస్తుంది. కంపెనీ తన సీఎస్‌ఆర్ పనిని బయటి సంస్థకు అప్పగించాలంటే దానికి 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు, సీఎస్‌ఆర్-1 నంబరు, అదే రంగంలో మూడేళ్ల అనుభవం ఉండాలి. డబ్బు అత్యవసరమైనవి సరిగ్గా ఆ మొదటి మూడేళ్లే. అప్పటిదాకా సొంత ఆదాయం, వ్యక్తిగత విరాళాలు, ఇంక్యుబేటర్ గ్రాంటే ఆధారం. సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2023 చివర్లో బెంగళూరుకే చెందిన ఉన్నతి ఫౌండేషన్ నమోదుతో కదిలింది గానీ, కనీస సేకరణ మొత్తం 50 లక్షలు కావడంతో ఇరవై మంది పిల్లల క్రెష్‌కు అది అందే చెట్టు కాదు.

ఈ మూడేళ్లను దాటేవారెవరు? సంపాదించే భర్త, సొంత ఇల్లు, కొంత పొదుపు ఉన్నవారు. ఇళ్లపని చేస్తూ పది మంది పిల్లలను ఇప్పటికే తన గదిలో చూసుకుంటున్న మహిళకు సమస్యతో పరిచయం అందరికంటే ఎక్కువ, మూడేళ్లు జీతం లేకుండా ఉండే వీలు మాత్రం లేదు. నిబంధనలు ఇలాగే ఉంటే సామాజిక సంస్థల్లో మహిళల సంఖ్య పెరిగినా, పెరిగేది ఒకే తరగతి మహిళల సంఖ్య. ఈ రంగంలో అత్యవసరంగా సరిచేయాల్సింది ఇదే.

## జీతం గురించి రెండు అపోహలు

మొదటిది, ట్రస్టు లేదా సెక్షన్ 8 సంస్థ పెట్టినామె జీతం తీసుకోకూడదన్నది. చేసిన పనికి సమంజసమైన ప్రతిఫలం తీసుకోవచ్చు. పనికి మించి తీసుకుంటేనే పన్ను శాఖతో చిక్కు. అందుకు పాలకవర్గం తీర్మానం, పని వివరాల పత్రం, అదే పనికి బయట ఇచ్చే జీతాల పోలిక ఫైలులో ఉండాలి. ట్రస్టయితే జీతానికి వీలు కల్పించే మాట ట్రస్టు దస్తావేజులోనే రాయించుకోవడం మంచిది, తర్వాత మార్చడం కష్టం. డబ్బు లేని నెలల్లో జీతాన్ని వదులుకోకుండా చెల్లించాల్సిన బాకీగా ఖాతాలో చూపాలి.

రెండోది, సీఎస్‌ఆర్ డబ్బులో పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదు కాబట్టి జీతం అడగలేమన్నది. ఆ 5 శాతం హద్దు కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం నడపడానికి పెట్టుకునే ఖర్చుకు. పని చేసే సంస్థ ప్రాజెక్టు నడపడానికి పెట్టే జీతాలకు అది వర్తించదు. ఈ సంగతి తెలియక చాలా దరఖాస్తుల్లో వ్యవస్థాపకురాలి వరస ఖాళీగా ఉంటుంది. ‘కేంద్ర నిర్వాహకురాలు, పూర్తికాలం, నెలకు 25,000’ అని ఆయాల జీతం పక్కనే, అదే పట్టికలో రాస్తే చాలు. ఆమె పేరు రాయనక్కర్లేదు. రేపు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నా ఆ వరస అలాగే ఉంటుంది.